నాలుగు సెంట్ల కూపను, నలభై సెంట్ల బోర్డు

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్. శనివారం సాయంత్రం. కోల్స్ సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర ఒక తెలుగు జంట నిలబడి ఉంది. ట్రాలీలో పాలు, పెరుగు, ఉల్లిపాయలు, బ్రెడ్డు. బిల్లు 23 డాలర్ల 40 సెంట్లు. "ముప్ఫై దాటితే పెట్రోలు కూపను వస్తుందండీ" అని ఆవిడ గుర్తుచేసింది. ఆయన గబగబా లోపలికి వెళ్లి ఒక చిప్స్ ప్యాకెట్టు, ఒక చాక్లెట్ బారు పట్టుకొచ్చాడు. బిల్లు 30 డాలర్ల 50 సెంట్లయింది. రసీదు అడుగున లీటరుకు 4 సెంట్ల తగ్గింపు. ఇద్దరి మొహాల్లోనూ ఏదో గెలిచిన కళ.

దారిలో బంకు దగ్గర ఆగారు. కారులో పట్టింది 35 లీటర్లు. కూపను వల్ల మిగిలింది డాలరు 40 సెంట్లు. దాని కోసం అదనంగా పెట్టింది 7 డాలర్ల 10 సెంట్లు. పావలా కోడికి ముప్పావలా మసాలా అని పెద్దలు ఊరికే అనలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ బంకు బోర్డు మీద లీటరు ధర 209.9 సెంట్లు. రెండు సిగ్నళ్ల అవతల, ఏ కూపనూ అక్కర్లేని ఇంకో బంకులో 181.9. కూపను తీసేసినా లీటరుకు 24 సెంట్లు ఎక్కువే పోసుకున్నారు. 35 లీటర్లకు 8 డాలర్ల 40 సెంట్లు గాలికి పోయాయి.

ఈ జంట కల్పితం. లెక్క మాత్రం కల్పితం కాదు. ఆస్ట్రేలియాలో 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు 59 వేల మంది. వాళ్లలో ఎన్ని ఇళ్ల ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఇలాంటి రసీదులు వేలాడుతున్నాయో! మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయి? వాటిలో గడువు దాటినవెన్ని?

సున్నా చూసే అలవాటు

ఈ పొరపాటుకు తెలివితక్కువతనం కారణం కాదు. అలవాటు కారణం. హైదరాబాదులో అమీర్‌పేటలో కొట్టించినా, ఉప్పల్‌లో కొట్టించినా ధరలో తేడా పైసల్లోనే ఉంటుంది. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా రోజూ ఉదయం 6 గంటలకు ధర మారుతున్నా, ఒకే ఊళ్లో బంకుకూ బంకుకూ పెద్ద తేడా ఉండదు. అందుకే అక్కడ మనవాళ్ల కళ్లు ధర మీద కాదు, మీటరు మీద ఉంటాయి. "సార్, సున్నా చూసుకోండి" అన్న మాట వినకుండా పెట్రోలు పోయించుకున్నవాళ్లు ఉండరు.

ఆస్ట్రేలియాలో పోసేవాడు ఉండడు, మీరే పోసుకోవాలి. మీటరు సంగతి బెంగలేదు. చూడాల్సింది రోడ్డు పక్కన నిలబడ్డ ధరల బోర్డును. ఒకే రోజు, ఒకే వీధిలో, ఎదురెదురు బంకుల్లో 30, 40 సెంట్ల తేడా ఉండొచ్చు. హైదరాబాదు అలవాటుతో బయల్దేరిన మనిషి "దగ్గర్లో ఏది ఉంటే అదే" అనుకుంటాడు. జేబులో కూపను ఉంటే ఆ బ్రాండు బంకు వైపే కారు తిప్పుతాడు.

సూపర్‌మార్కెట్‌కు కావలసిందీ అదే.

కూపను కథ, క్లుప్తంగా

1996లో వూల్‌వర్త్స్ అనే సూపర్‌మార్కెట్ సంస్థ న్యూ సౌత్ వేల్స్‌లోని డబ్బో పట్టణంలో తన తొలి పెట్రోలు బంకు తెరిచింది. 2003లో కోల్స్ షెల్‌తోనూ, వూల్‌వర్త్స్ కాల్టెక్స్‌తోనూ జత కట్టాయి. 30 డాలర్ల సరుకులు కొంటే లీటరుకు 4 సెంట్లు తగ్గింపు అన్నది దేశమంతా అలవాటైపోయింది. తర్వాత పోటీ ముదిరి 4 కాస్తా 8 అయింది, అప్పుడప్పుడూ అంతకు మించింది.

జనం సంబరపడ్డారు. అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్, అందరూ ఏసీసీసీ అని పిలిచే సంస్థ, మాత్రం సంబరపడలేదు. కిరాణా లాభంతో పెట్రోలు ధర తగ్గించడం రెండు పెద్ద సంస్థలకే సాధ్యం. కూరగాయలు అమ్మని చిన్న బంకువాడు దాన్ని తట్టుకోలేడు. వాడు మూతేస్తే రేపు ధర తగ్గించేవాడే ఉండడు. ఆ వాదన తర్వాత 2013 డిసెంబరులో రెండు సంస్థలూ ఒక హామీ పత్రం ఇచ్చాయి. 2014 జనవరి 1 నుంచి కిరాణా సొమ్ముతో ఇచ్చే తగ్గింపు లీటరుకు 4 సెంట్లు దాటదు.

ఆ తర్వాత బంకులు చేతులు మారాయి. వూల్‌వర్త్స్ బంకులు 2019లో ఈజీ గ్రూప్‌కు, కోల్స్ ఎక్స్‌ప్రెస్ బంకులు 2023లో వివా ఎనర్జీకి వెళ్లాయి. కోల్స్ ఎక్స్‌ప్రెస్ పేరు రెడ్డీ ఎక్స్‌ప్రెస్‌గా మారింది. ఆ బోర్డు చూసి మన రెడ్డిగారెవరో బంకు పెట్టారని మురిసిపోకండి, ఆ పేరుకూ మనకూ చుట్టరికం లేదు. యజమానులు మారినా కూపను బతికే ఉంది, అదే 4 సెంట్లతో. 2014 మొదట్లో లీటరు మీద కేంద్ర ఎక్సైజ్ పన్ను 38 సెంట్ల చిల్లర. 2025లో అది 50 సెంట్లు దాటింది. పన్ను ఒక్కటే 12 సెంట్లు పెరిగిన కాలంలో కూపను అంగుళం కదల్లేదు.

అంటే కూపను పనికిరానిదా? కాదు. దాని చోటు రెండోది. మొదటి చోటు బోర్డుది. ఈ వరుస తప్పకుండా ఉండటానికే కింది ఎనిమిది అడుగులు.

ఏం చేయాలి?

1. ముందు ధర చూడండి, తర్వాత కూపను వెతకండి. ఇంట్లోంచి బయల్దేరే ముందు అర నిమిషం చాలు. న్యూ సౌత్ వేల్స్‌లో ఫ్యూయల్‌చెక్ 2016 నుంచి ఉంది. విక్టోరియాలో సర్వీస్ విక్టోరియా యాప్‌లో సర్వో సేవర్ ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఫ్యూయల్‌వాచ్. క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియాల్లో బంకులు ధరలు తెలియజేయాలన్న నియమం ఉంది, వాటిని చూపే ప్రైవేటు యాప్‌లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పెట్రోలు బంకును 'సర్వో' అంటారు, ఆ మాట తెలిస్తే యాప్ వెతుక్కోవడం సులువు. యాప్‌లో మీ దారిలో ఉన్న మూడు బంకుల ధరలు చూడండి. కూపను చెల్లే బంకు ధరలోంచి 4 తీసేయండి. అప్పటికీ అదే చౌకైతే అక్కడికే వెళ్లండి. కాకపోతే కూపనును మళ్లీ పర్సులో పెట్టేయండి.

2. ధరల చక్రంలో ఇవాళ ఎక్కడున్నారో తెలుసుకోండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ నగరాల్లో ధర ఉయ్యాలలా ఊగుతుంది. ఎక్కడం గబుక్కున, కొద్ది రోజుల్లో. దిగడం మెల్లగా, రోజుకో సెంటు రెండు సెంట్లు చొప్పున. ఇది ముడిచమురు వల్ల జరిగేది కాదు, చిల్లర అమ్మకందార్లు కావాలని పాటించే ధరల పద్ధతి అని ఏసీసీసీయే చెబుతుంది. ఈ ఐదు నగరాల్లో ధర ఇప్పుడు ఎక్కుతోందా దిగుతోందా అన్నది ఆ సంస్థ తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. పెర్త్ తప్ప మిగతా నగరాల్లో చక్రం వారాల తరబడి సాగుతుంది. "మంగళవారం చౌక" లాంటి సూత్రాలు అక్కడ పనిచేయవు.

3. ఎక్కబోతుంటే ఫుల్, దిగుతుంటే సగం. ఊళ్లో ఒకటి రెండు బంకులు ఒక్కసారిగా 30, 40 సెంట్లు పెంచాయనుకోండి. మిగతావి పెంచడానికి ఇంకా కొద్ది రోజులు పడుతుంది. ఆ సందులో పాత ధర బోర్డు కనిపించిన చోట ట్యాంకు నింపేయండి. అదే ధర పైనుంచి కిందికి దిగుతున్న రోజులైతే 20 లీటర్లు పోసుకుని కదలండి, వచ్చే వారం ఇంకా తగ్గుతుంది. 50 లీటర్ల మీద 40 సెంట్లు మిగిలితే 20 డాలర్లు. అంత మిగలాలంటే అదే 50 లీటర్ల చొప్పున కూపను పదిసార్లు వాడాలి.

4. కూపనును సెంట్లలో కాదు, డాలర్లలో చదవండి. "లీటరుకు 4 సెంట్లు" అన్న మాటలో బరువు తెలియదు. 20 లీటర్లకైతే 80 సెంట్లు. 35 లీటర్లకు డాలరు 40. 50 లీటర్లకు 2 డాలర్లు. ఏడాదికి 13 వేల కిలోమీటర్లు తిరిగి, 100 కిలోమీటర్లకు 8 లీటర్లు తాగే కారుకు మొత్తం 1,040 లీటర్లు కావాలి. ప్రతి లీటరుకూ కూపను వాడినా ఏడాదికి మిగిలేది 41 డాలర్ల 60 సెంట్లు. అది చిన్న మొత్తమేమీ కాదు. దాని కోసం వారం వారం అక్కర్లేని సరుకు కొంటే మాత్రం లెక్క తిరగబడుతుంది.

5. మామూలు సరుకులతో వచ్చేదే కూపను. నలుగురు మనుషుల ఇంట్లో వారానికి ఒక్క బిల్లయినా ఎలాగూ 30 డాలర్లు దాటుతుంది. పెట్రోలు నెలకు మూడు నాలుగు సార్లు పోస్తారు. అంటే మీకు అవసరమైనన్ని కూపన్లు వాటంతటవే వస్తాయి. 23 డాలర్ల బిల్లును లాగి లాగి 30 చేయాల్సిన పని ఏముంది? ఎప్పుడైనా 28 డాలర్ల దగ్గర ఆగితే, వచ్చే వారం ఎలాగూ కొనాల్సిన నూనె సీసానో, కందిపప్పు ప్యాకెట్టో వేసుకోండి. చిప్స్ వద్దు.

6. డిజిటల్ కూపను కూడా చూసుకోండి. వూల్‌వర్త్స్‌లో ఎవ్రీడే రివార్డ్స్ కార్డు స్కాన్ చేస్తేనే తగ్గింపు నమోదవుతుంది. కోల్స్‌లో రసీదు మీద గానీ, ఫ్లైబైస్ ఖాతాలో గానీ వస్తుంది. కార్డు ఇంట్లో మరచిపోయి సరుకులు కొంటే ఆ వారం తగ్గింపు పోయినట్టే. గడువు, ఒక్కసారికి ఇన్ని లీటర్లే అన్న పరిమితి నిబంధనల్లో ఉంటాయి. ఇంట్లో రెండు కార్లుంటే పెద్ద ట్యాంకు ఉన్న కారుకు, అదీ బాగా ఖాళీ అయినప్పుడు వాడండి. పావు ట్యాంకు నింపడానికి వాడితే కూపను కూడా పావు వంతే పనిచేస్తుంది.

7. చౌక ధర కనిపిస్తే పట్టి ఉంచండి. సెవెన్ ఎలెవెన్ యాప్‌లో ఫ్యూయల్ లాక్ అనే సదుపాయం ఉంది. దగ్గర్లోని ఆ సంస్థ బంకుల్లో తక్కువ ధర చూసి ఏడు రోజుల పాటు లాక్ చేసుకోవచ్చు. ఈలోగా ధర పెరిగితే, నిబంధనల్లోని పరిమితి మేరకు మీకు లాక్ చేసిన ధరే పడుతుంది. తగ్గితే తగ్గిన ధరే పడుతుంది. రెండు వైపులా మీకే లాభం. దక్షిణ ఆస్ట్రేలియా, టాస్మానియా లాంటి చోట్ల ఆ బంకులు లేవు. సిడ్నీ, మెల్‌బోర్న్ వాళ్లకైతే ధర ఎక్కబోయే ముందు రోజు ఇది కూపను కన్నా పెద్ద ఆయుధం.

8. దూరాన్ని కూడా ధరలో కలపండి. కాకినాడ, అమలాపురం వాళ్లకు ఈ విద్య కొత్త కాదు. పుదుచ్చేరి పన్నుల వల్ల యానాంలో పెట్రోలు చౌక, అటువైపు పని ఉన్నవాళ్లు అక్కడే కొట్టించుకుంటారు. పని లేకుండా అందుకోసమే బయల్దేరేవాడిని చూసి మాత్రం ఇంట్లోవాళ్లే నవ్వుతారు. ఆస్ట్రేలియాలోనూ అదే లెక్క. 15 కిలోమీటర్ల అవతల 5 సెంట్లు చౌక అనుకుందాం. రానూ పోనూ 30 కిలోమీటర్లకు 2.4 లీటర్లు, అంటే 4 డాలర్ల పైచిలుకు ఖర్చు. 45 లీటర్లు పోస్తే మిగిలేది 2 డాలర్ల 25 సెంట్లు. ఆఫీసు దారిలో ఉన్న బంకు, పిల్లల డ్యాన్సు క్లాసు పక్కనున్న బంకు, గుడికి వెళ్లే దారిలో బంకు... మీ వారంలో ఎలాగూ దాటిపోయే నాలుగైదు బంకులనే గుర్తు పెట్టుకోండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఎర్ర దీపం వెలిగేదాకా ఆగడం వీటిలో మొదటిది. ట్యాంకు అడుగంటాక మీరు బేరం చేయలేరు, ఎదురుగా ఏ బోర్డు ఉంటే దానికే తలవంచాలి. పావు ట్యాంకు మిగిలి ఉండగానే ధరలు చూడటం మొదలుపెడితే మూడు నాలుగు రోజుల వెసులుబాటు దొరుకుతుంది. ధరల చక్రంలో ఆ నాలుగు రోజులకే విలువ.

రెండోది, బంకు లోపలి దుకాణం. కొన్ని బంకుల్లో లోపల ఇంకొంత ఖర్చు పెడితే అదనపు తగ్గింపు ఇస్తామంటారు. అక్కడ నీళ్ల సీసా, చాక్లెట్ల ధర సూపర్‌మార్కెట్ ధర కన్నా చాలా ఎక్కువ. తగ్గింపు పెట్రోలు మీద వస్తుంది, దాని ఖర్చు చాక్లెట్ మీద తీరుతుంది.

మూడోది, పేరు చూసి ఖరీదైన పెట్రోలు పోయడం. కారు పుస్తకంలో 91 ఆక్టేన్ పెట్రోలు చాలు అని రాసి ఉంటే 98 పోసినంత మాత్రాన కారు మెచ్చుకోదు. ఐరోపా కార్లలో చాలావాటికి కనీసం 95 కావాలి, వాటి విషయంలో పిసినారితనం పనికిరాదు. మూత లోపల చీటీ అంటించి ఉంటుంది, ఒక్కసారి చదవండి.

ఇథనాల్ కలిసిన ఈ10 మీద కూడా ఇలాంటి భ్రమే ఉంది. ధర రెండు మూడు సెంట్లు తక్కువ చూసి అందరూ అటు వెళ్తారు. కానీ ఈ10తో ఇంధన వాడకం సుమారు 3 శాతం పెరుగుతుంది. 91 ధర 185.9 సెంట్లున్నప్పుడు 3 శాతమంటే 5 సెంట్ల పైన. తేడా అంతకు మించితేనే ఈ10 చౌక. న్యూ సౌత్ వేల్స్‌లో ఇథనాల్ నియమాల వల్ల చాలా బంకుల్లో మామూలు 91 దొరకదు కాబట్టి అక్కడివాళ్లు ఈ లెక్క మరీ జాగ్రత్తగా వేసుకోవాలి.

పాయింట్ల మోజు చివరిది. ఫ్లైబైస్ అయినా, ఎవ్రీడే రివార్డ్స్ అయినా 2,000 పాయింట్లకు 10 డాలర్లు. అంటే పాయింటు విలువ అర సెంటు. "ఈ బంకులో పాయింట్లు వస్తాయి" అని లీటరుకు 10 సెంట్లు ఎక్కువ పెట్టేవాళ్లు ఒక్కసారి ఈ భాగహారం చేసి చూసుకోవాలి. కాస్ట్‌కో బంకుల ధరలు మాత్రం చాలాచోట్ల నిజంగానే తక్కువ, కానీ అవి సభ్యులకే. ఏటా కట్టే రుసుము, వారాంతపు క్యూ కూడా ధరలో భాగమే. ఎలాగూ బియ్యం, నూనె అక్కడే కొనే ఇల్లయితే వెళ్లొచ్చు.

పెర్త్ వాళ్ల మధ్యాహ్నం

ఊరు మారితే పద్ధతి కూడా మారుతుంది. పెర్త్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఫ్యూయల్‌వాచ్ నడుస్తోంది. రేపటి ధర ఎంతో బంకులు ఇవాళ మధ్యాహ్నం 2 గంటల్లోపు ప్రభుత్వానికి చెప్పాలి. రేపు ఉదయం 6 నుంచి 24 గంటల పాటు ఆ ధర మార్చకూడదు. 2.30 తర్వాత ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. పెర్త్‌లో చక్రం చాలా ఏళ్లుగా వారానికొకటి చొప్పున తిరుగుతోంది, మంగళవారం అడుగున ఉండి బుధవారం ఎగబాకుతుంది. టీ తాగే వేళ ఫోన్ చూస్తే చాలు, ఇవాళ పోయించుకోవాలో రేపు పోయించుకోవాలో తేలిపోతుంది.

కాన్‌బెర్రా, హోబర్ట్, డార్విన్‌లలో ఇలాంటి క్రమమైన చక్రాలు లేవు. ధర రోజుల తరబడి ఒకేచోట నిలుస్తుంది. ఎదురుచూసి లాభం లేదు కాబట్టి అక్కడ కూపను విలువ నిష్పత్తిలో పెరుగుతుంది. సిడ్నీ బావగారు ఫోన్‌లో చెప్పిన చిట్కాను హోబర్ట్ మరిది ఉన్నదున్నట్టు పాటిస్తే ఫలితం రాదు.

నెల రోజుల పట్టిక

ఇదంతా రోజూ తలకెక్కించుకుంటే బతుకు పెట్రోలు లెక్కల్లోనే తెల్లవారుతుందని భయపడుతున్నారా? అక్కర్లేదు. ఒక్క నెల చాలు. ఫోన్ నోట్స్‌లో ఐదు గడులు పెట్టండి: తేదీ, బంకు, లీటరు ధర, లీటర్లు, కూపను వాడారా లేదా. పోసుకున్న ప్రతిసారీ ఒక వరుస నింపండి. ఆ రోజు మీ దారిలో దొరికిన అతి తక్కువ ధర పక్కన రాయండి. పిల్లలు పెద్దవాళ్లయితే ఆ పని వాళ్లకే అప్పగించండి, యాప్ వాళ్ల చేతుల్లో ఇంకా వేగంగా కదులుతుంది.

నెల చివర రెండు మొత్తాలు కట్టండి. కూపన్లతో మిగిలింది ఎంత? చౌక బంకు వదిలేసినందువల్ల పోయింది ఎంత? మొదటి అంకె మూడు నాలుగు డాలర్ల దగ్గర ఆగుతుంది, మామూలు వాడకంలో అంతకు మించి పెరగదు. రెండో అంకె మీ నగరాన్ని బట్టి, మీ అలవాటును బట్టి ఉంటుంది. వచ్చే నెల తగ్గించాల్సింది దాన్నే.

ఫ్రిజ్ తలుపు మీది రసీదులు ఇవాళే తీసి చూడండి. గడువు దాటినవి పారేసి, మిగిలినవాటిలో ఒక్కటి మాత్రం కారులో పెట్టుకోండి. ఆ తర్వాత ఫోన్ తెరిచి మీ దారిలోని బంకుల ధరలు చూసి పట్టికలో మొదటి వరుస రాయండి.